లా ఎక్స్ఛేంజ్‌కి అప్లై చేసేముందు మీ సిలబస్ తీసి ముందు పెట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో మూడో సంవత్సరం చదువుతున్నారు, సీజీపీఏ ఓ మోస్తరుగా ఉంది, ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఒక సెమిస్టర్ విదేశీ లా స్కూల్లో చదవాలని ఉంది. అప్లికేషన్ ఎలా పెట్టాలి, ఇంట్లో ఎంత సర్దుకోవాలి, ఇంగ్లిష్‌తో నెగ్గుకు రాగలనా?

నేను 2023 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా జర్మనీలో, హాంబర్గ్‌లోని బుట్సేరియస్ లా స్కూల్లో ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా చదివాను. మాది గుంటూరు. నాదీ పదో తరగతి వరకు తెలుగు మీడియమే. కాబట్టి మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

ముందుగా ఒక తేడా తెలుసుకోండి. ఎక్స్ఛేంజ్ విద్యార్థి వేరు, విజిటింగ్ విద్యార్థి వేరు. మీ యూనివర్సిటీకి అక్కడి లా స్కూల్‌తో ఒప్పందం ఉంటే, ఫీజు మామూలుగా ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అది ఎక్స్ఛేంజ్. ఒప్పందం లేకుండా సొంతంగా అప్లై చేసుకుని, అక్కడి ఫీజు కూడా కట్టి చదివేది విజిటింగ్. పేర్లు దగ్గరగా ఉన్నా ఖర్చులో లక్షల తేడా వస్తుంది. అందుకని మొదటి పని మీ యూనివర్సిటీ ఒప్పందాల జాబితా తెప్పించుకోవడం. అందులో ఏది ఇప్పటికీ నడుస్తోందో, గత రెండేళ్లలో ఎవరు వెళ్లారో సీనియర్లను అడగండి. కాగితం మీద ఉండి, ఏళ్ల తరబడి ఎవరూ వెళ్లని ఒప్పందాలు కూడా ఉంటాయి.

ఇక అందరూ ఎక్కువ భయపడేది ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో రాసే ఉత్తరం గురించి. నా మొదటి ఉత్తరం చదివిన మా మేడమ్ ఒకే మాట అడిగారు: "ఇందులో హాంబర్గ్ తీసేసి సింగపూర్ అని పెడితే ఏమైనా మారుతుందా?" ఏమీ మారదు. అంతర్జాతీయ అనుభవం, భిన్న సంస్కృతులు, విశాల దృక్పథం అని ఎవరైనా రాయగలిగిన మాటలే రాశాను. ఆ రాత్రి కూర్చుని మళ్లీ మొదటి నుంచి రాశాను.

మా నాన్నది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఆయన ద్వారా సరుకు కొన్న ఒక ఎగుమతిదారుకి యూరప్ నుంచి సరుకు వెనక్కి వచ్చింది. అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషపదార్థం) పరిమితి దాటిందని అన్నారు. ఆ నష్టం ఎవరు భరించాలన్న గొడవ మా ఇంటి వరండాలో నెలల తరబడి సాగింది. ఇక్కడ మనకు 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ ఉంది. దేశాల మధ్య సరుకు అమ్మకాలపై 1980లో కుదిరిన వియన్నా ఒప్పందంలో భారత్ చేరలేదు. జర్మనీలో అది 1991 నుంచి అమల్లో ఉంది. హాంబర్గ్ పెద్ద రేవు పట్నం. స్పైషర్‌స్టాట్ అనే ఎర్ర ఇటుకల పాత గోదాముల వీధుల్లో కాఫీ, టీ, మసాలా దినుసులు నిల్వ చేసేవారు. మా యార్డు సరుకు చేరే కొసన ఏ చట్టం నడుస్తుందో చూడాలని ఉందని రాశాను. ఈసారి అందులో హాంబర్గ్ తీసేస్తే ఉత్తరమే ఉండదు.

నా సీజీపీఏ కూడా క్లాసులో మొదటి పదిమందిలోకి రాదు. అయినా సీటు వచ్చింది. మీకు మిర్చి యార్డు అక్కర్లేదు. మీ ఊరి పట్టాదారు పాసు పుస్తకం గొడవ కావచ్చు, పవర్‌లూమ్ కార్మికుల కూలి కావచ్చు, మీరు కళ్లారా చూసిన ఒక్క చట్టపరమైన చిక్కు చాలు. దాన్ని ఆ ఊరితో, ఆ లా స్కూల్లో చెప్పే ఒక కోర్సుతో కలపండి.

సిఫార్సు ఉత్తరాలకు పెద్ద పేరున్నవాళ్ల వెంట పడకండి. మీ ప్రాజెక్టు పేపర్ నిజంగా చదివిన సార్‌నో మేడమ్‌నో అడగండి, ఆ పేపర్ కాపీ కూడా ఇవ్వండి. ఇంగ్లిష్ పరీక్ష విషయానికొస్తే, మన బోధన ఇంగ్లిష్‌లోనే అని యూనివర్సిటీ ఇచ్చే లెటర్‌ని చాలా చోట్ల ఒప్పుకుంటారు. కానీ ముందే మెయిల్ పెట్టి అడగండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ జవాబు రాయడానికి కారణం కూడా ఇదే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనల ప్రకారం మన డిగ్రీలో 20 తప్పనిసరి లా పేపర్లు, 4 క్లినికల్ (ప్రాక్టికల్ శిక్షణ) పేపర్లు ఉంటాయి. తక్కినవి ఆప్షనల్, ఆనర్స్ పేపర్లు. సివిల్ ప్రొసీజర్ కోడ్, ఎవిడెన్స్, కంపెనీ లా లాంటివి తప్పనిసరి జాబితాలోవి. మీరు వెళ్లే సెమిస్టర్‌లో ఇలాంటి పేపర్ పడితే, అక్కడ చదివిన విదేశీ చట్టం దానికి బదులు కావడం చాలా కష్టం. నేను వెళ్లిన ఏడో సెమిస్టర్‌లో నాకు కంపెనీ లా ఉంది. యూరోపియన్ కంపెనీ లా కోర్సు తీసుకుంటాను, సరిపోతుందా అని మా యూనివర్సిటీలో ఎక్స్ఛేంజ్ చూసేవారిని అడిగితే "సరిపోతుందిలే, వెళ్లిరా" అని నోటిమాటగా చెప్పారు. మిగతా కోర్సులకు మెయిల్‌లో ఆమోదం ఉంది, దీనికి మాత్రం లేదు. తిరిగొచ్చేసరికి ఆ బాధ్యతలో వేరేవాళ్లు ఉన్నారు. 2013 కంపెనీల చట్టం చదవకుండా ఈ పేపర్ పాసైనట్టు ఎలా రాస్తామని అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఐదో సంవత్సరంలో, అందరూ ఇంటర్వ్యూల హడావిడిలో ఉంటే, నేను జూనియర్లతో కూర్చుని కంపెనీ లా క్లాసులు విన్నాను. ఒక ఇంటర్న్‌షిప్ వదులుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

కాబట్టి అప్లికేషన్ ఫారం తెరవకముందే ఒక తెల్లకాగితం తీసుకుని ఎడమవైపు మీ సెమిస్టర్ పేపర్లు, కుడివైపు అక్కడి కోర్సులు రాయండి. ప్రతి వరుసకీ సంతకమో, మెయిలో సంపాదించండి. తప్పనిసరి పేపర్లు తక్కువగా ఉన్న సెమిస్టర్ ఎంచుకోండి. క్రెడిట్ల అంకెలు చూసి మోసపోవద్దు. యూరప్‌లో ఒక ఈసీటీఎస్ క్రెడిట్ అంటే క్లాసు, ఇంటి చదువు కలిపి 25 నుంచి 30 గంటల పని. మన క్రెడిట్ లెక్క క్లాసు గంటల మీద నడుస్తుంది. మార్కులైతే ఇంకా గందరగోళం. జర్మనీ లా చదువులో మార్కులు 18కి వేస్తారు. 4 వస్తే పాస్, 9 దాటితే అక్కడ గౌరవంగా చూస్తారు. 18కి 9 అంటే మన లెక్కలో యాభై శాతం అని ఎవరైనా మార్చేస్తే మీ సీజీపీఏ కుప్పకూలుతుంది. వీలైతే ఆ కోర్సులను పాస్ అని మాత్రమే నమోదు చేయమని ముందే రాయించుకోండి.

డబ్బు సంగతి. ట్యూషన్ లేకపోయినా బతకడానికి కావాలి. జర్మనీలో 90 రోజులు దాటితే నేషనల్ వీసా తీసుకోవాలి, ఫీజు 75 యూరోలు. ఖర్చులకు డబ్బుందని చూపడానికి సాధారణంగా బ్లాక్డ్ అకౌంట్ తెరుస్తారు. నా అప్పుడు నెలకు 934 యూరోలు చూపాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 992 అయింది. నాలుగు నెలలకు మా ఇంట్లో మూడు లక్షల ముప్పై వేలు దాటి సర్దారు. ట్యూషన్ ఫీజు లేని చదువుకు ఎడ్యుకేషన్ లోన్ కుదరదని బ్యాంకు అంటే, అమ్మ తన గాజులు పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంది. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన డబ్బు పోదు, అక్కడికి వెళ్లాక నెలనెలా మన చేతికే వస్తుంది. అయితే విమానం టికెట్, గది అడ్వాన్స్ దీనికి బయట చూసుకోవాలి. అడ్వాన్స్ మూడు నెలల అద్దె వరకు అడగవచ్చని అక్కడి చట్టమే చెబుతుంది. గది మాట్లాడుకునేటప్పుడే, మీరు అక్కడ ఉంటున్నట్టు యజమాని సంతకం చేసిన కాగితం ఇస్తారో లేదో అడగండి. చేరిన రెండు వారాల్లో అడ్రస్ నమోదుకు అది కావాలి. వీసా స్లాట్ కోసం అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజు నుంచే చూడటం మొదలుపెట్టండి.

చివరిగా ఇంగ్లిష్. మొదటి పది రోజులు నేను క్లాసులో నోరు విప్పలేదు. ఒకరోజు జర్మన్ వాణిజ్య చట్టం 377వ సెక్షన్ వచ్చింది: కొన్న వ్యాపారి సరుకు అందగానే పరిశీలించి, లోపం ఉంటే వెంటనే చెప్పాలి, లేకపోతే ఒప్పుకున్నట్టే. పరిశీలించడం అంటే ఎంతవరకు అని ప్రొఫెసర్ అడిగారు. తెలియకుండానే చెయ్యెత్తాను. మా యార్డులో కొనుగోలుదారు టిక్కీలోకి (మిర్చి బస్తాలోకి) మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పిడికెడు కాయలు తీస్తాడని, ఒకటి విరిచి గింజ రంగు చూస్తాడని, తాలు కాయలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, గుప్పిట బిగించి తేమ చూస్తాడని చెప్పాను. అఫ్లటాక్సిన్ మాత్రం ఏ చేతికీ దొరకదు, ల్యాబ్‌కి పంపితేనే తెలుస్తుంది, మరి పంపకపోతే పరిశీలించినట్టా కానట్టా అని అడిగాను. గ్రామర్ రెండు మూడు చోట్ల తప్పింది. మిగతా గంటంతా క్లాసు ఆ టిక్కీ గురించే మాట్లాడుకుంది.

మీరు ఏ సెమిస్టర్‌లో వెళ్లాలనుకుంటున్నారో, అందులో ఏ పేపర్లున్నాయో కింద రాయండి. ఏవి ఇక్కడే చదవాల్సి వస్తుందో కలిసి చూద్దాం.