ఆ నల్ల ముసుగు మనిషి మా బాబుని నిద్రపోనివ్వట్లేదు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, ఇంటి వెనకే కెనాల్. ఎనిమిదేళ్ల మా బాబు ఆ గట్టు మీద ఆడుతున్నాడని మావారు యూట్యూబ్‌లో ‘లోన్లీ వాటర్’ అనే పాత ప్రభుత్వ ఫిల్మ్ చూపించారు. అప్పటి నుంచి వాడు ఒంటరిగా పడుకోడు, బాత్‌టబ్‌లో దిగడు, స్కూల్లో స్విమ్మింగ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటాడు. మావారేమో భయం ఉంటేనే మంచిదంటారు. అత్తగారు ఫోన్‌లో దిష్టి తీయమంటున్నారు. ఆగస్టులో కోనసీమ వెళ్తున్నాం, అక్కడ ఇంటి ముందే కాలువ. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, వాడిది మొండితనం కాదమ్మా, కడుపునొప్పి కూడా నాటకం అనుకోకండి, భయపడ్డ పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. ఆ ఫిల్మ్ తీసిందే పిల్లల్ని భయపెట్టడానికి. 1973లో బ్రిటన్ ప్రభుత్వ సమాచార శాఖ కోసం జెఫ్ గ్రాంట్ తీశారు, నిమిషంన్నర ఉంటుంది. ముఖం కనపడని ముసుగు మనిషి నీళ్ల దగ్గర నిలబడి పిల్లల కోసం కాచుకుని ఉంటాడు, డోనాల్డ్ ప్లెజెన్స్ అనే నటుడి గొంతు మెల్లగా వినిపిస్తుంటుంది. చిన్నప్పుడు టీవీలో దాన్ని చూసినవాళ్లు కొందరు ఇప్పటికీ ఆ గొంతు మర్చిపోలేదంటారు, మరి మీవాడు ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం ఏముంది.

కానీ ఒకసారి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫిల్మ్‌లో ఏం గుర్తుందో అడగండి. నా అనుమానం, ముసుగు మనిషి గురించే చెప్తాడు. బురదగా ఉన్న గట్టు మీద జారడం, పట్టుకున్న కొమ్మ విరగడం, నీళ్ల అడుగున చెత్త ఉన్నచోట ఈతకు దిగడం, ఇవేవీ చెప్పకపోవచ్చు. అలా అయితే వాడికి అబ్బింది దయ్యం భయమే కానీ జాగ్రత్త కాదు, మీవారికి చెప్పాల్సింది కూడా ఇదే. పైగా హడలిపోయిన పిల్లాడు రేపు స్నేహితుడు నీళ్లలో పడితే ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చి దాక్కునే ప్రమాదం ఉంది, నాకు అన్నిటికన్నా ఎక్కువ బెంగ దాని గురించే.

“దయ్యాలు లేవు, పడుకో” అని కొట్టిపారేయకండి. వాడు చెప్పేది పూర్తిగా వినండి, బొమ్మ వేస్తానంటే వేయనివ్వండి. అది వేషం, గొంతు ఒక నటుడిది అని చెప్పండి. ఆ ఫిల్మ్ చివర్లో తెలివైన పిల్లలొచ్చి మునుగుతున్న అబ్బాయిని కాపాడగానే ఆ ముసుగు మనిషి శక్తి పోతుంది, ఉత్త బట్ట మిగులుతుంది, దాన్ని నీళ్లలోకి విసిరేస్తారు. ఆ ముక్క మాటల్లో చెప్పండి చాలు, ఫిల్మ్ మళ్లీ చూపించొద్దు. కొన్నాళ్లు టబ్ మానేసి బకెట్, చెంబు పెట్టండి. రాత్రి పక్కన పడుకుని, మెల్లమెల్లగా మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి తలుపు దగ్గరికి జరగండి.

స్విమ్మింగ్ మాత్రం మాన్పించకండి. టీచర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి, మొదట గట్టున కూర్చుని కాళ్లు పెట్టుకునేలా ఒప్పించండి. ఇంగ్లండ్ ప్రైమరీ స్కూళ్ల పాఠ్యప్రణాళికలో 25 మీటర్ల ఈతతో పాటు నీళ్లలో తనను తాను కాపాడుకోవడం కూడా ఉంది, వాడికి ఇప్పుడు కావాల్సింది సరిగ్గా అదే. మీకూ తెలియాల్సింది ఒకటుంది. అక్కడ కెనాళ్లు, పాత క్వారీ గుంటల్లో నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి, 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఈతొచ్చినవాళ్లు కూడా నీళ్లు మింగేస్తారు. అప్పుడు చేతులు కాళ్లు కొట్టుకోకుండా, తల వెనక్కి వాల్చి వెల్లకిలా తేలితే ఒకటి, ఒకటిన్నర నిమిషంలో ఊపిరి కుదుటపడుతుంది. పూల్‌లో ఆటలాగా ఇది అలవాటు చేయించండి. వేరేవాళ్లు పడితే తను దూకకూడదు, గట్టిగా అరవాలి, 999కి ఫోన్ చేసి కెనాల్ దగ్గరైతే ఫైర్ సర్వీస్‌ని అడగాలి.

మీవారితో బాబు ముందు గొడవపడకండి. కెనాల్ గురించి ఆయన కంగారు న్యాయమైనదే. భయపెట్టింది ఆయనే కాబట్టి వాడిని చెయ్యి పట్టుకుని గట్టు మీద నడిపించాల్సింది కూడా ఆయనే, ఎక్కడ నిలబడొచ్చు, ఎక్కడ జారుతుంది, లాకు దగ్గరికి ఎందుకు పోకూడదు, ఇద్దరూ కలిసి చూసుకోవాలి.

అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, పెద్దావిడ తృప్తి. కానీ “గాలి సోకింది” అనే మాట బాబు చెవిన పడకుండా చూడండి. కోనసీమలో అయితే, వేసవిలో కట్టేసిన కాలువలకు జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేస్తారు, మీరెళ్లే సమయానికి నిండుగా, జోరుగా ఉంటాయి, రేవు మెట్లకు పాచి ఉంటుంది. వాడి వెంట అస్తమానం చేతికందే దూరంలో ఒక పెద్దవాళ్లు ఉండాలి, ఎవరన్నది పొద్దున్నే అనుకోండి, “అందరూ చూస్తున్నారుగా” అనుకున్న ఇంట్లో ఎవరూ చూడరు. అక్కడ ఫోన్ చేయాల్సింది 112కి.

నెల దాటినా నిద్ర కుదురుకోకపోయినా, స్కూల్‌కే వెళ్లనన్నా ఇంకా ఆగకండి, జీపీని, అంటే అక్కడి మీ ఫ్యామిలీ డాక్టర్‌ని కలవండి, ఫిల్మ్ సంగతి కూడా చెప్పండి.