రెండో కంపెనీకి మొదటి అనుభవం ఎంతవరకు అక్కరకొస్తుంది?

ప్రశ్న: డేటా పైప్‌లైన్లు (సమాచారాన్ని ఒక వ్యవస్థ నుంచి మరోదానికి చేరవేసే ఏర్పాట్లు) నిర్మించే స్టార్టప్‌ను కొన్నేళ్లు నడిపి, ఈమధ్యే ఒక పెద్ద సంస్థకు అమ్మాను. మళ్లీ అదే రంగంలో కంపెనీ పెట్టాలనుకుంటున్నాను. పాత ఉత్పత్తినే మరింత మెరుగ్గా తయారుచేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరిపోదనే నా అభిప్రాయం. చేతికొచ్చిన విద్యను వెంట తీసుకెళ్లండి, పాత సమస్యను మాత్రం వదిలేయండి. ఈ రంగంలో పదేపదే కంపెనీలు స్థాపించిన మైకేల్ స్టోన్‌బ్రేకర్‌నే చూడండి. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఇంగ్రెస్ డేటాబేస్‌ను అమ్మడానికి ఆయన 1980లో సహచరులతో కలిసి తొలి కంపెనీ పెట్టారు. సాంకేతికంగా దానికి మంచి పేరున్నా, డేటాబేస్‌ను ప్రశ్నలడిగేందుకు ఐబీఎం నుంచి వచ్చిన ఎస్‌క్యూఎల్ ప్రమాణ భాషగా స్థిరపడడంతో, దాన్ని ముందే అందిపుచ్చుకున్న పోటీ కంపెనీ ఒరాకిల్‌దే పైచేయి అయింది. 2005లో ఆండీ పామర్‌తో కలిసి వెర్టికాను ప్రారంభించినప్పుడు, ఒకే డేటాబేస్ అన్ని పనులకూ పనికిరాదని వాదించిన స్టోన్‌బ్రేకర్, విశ్లేషణ అనే ఒక్క పనినే ఎంచుకున్నారు.

ఒక బ్యాంకు పట్టికలో 200 నిలువు వరసలున్నాయనుకోండి. జిల్లాలవారీగా అప్పుల మొత్తం తేల్చడానికి రెండు వరసలు చాలు. కానీ సమాచారాన్ని అడ్డువరసలుగా దాచే పద్ధతిలో తక్కిన 198 కూడా డిస్కు నుంచి చదవవలసి వస్తుంది. వెర్టికా నిలువు వరసలను విడివిడిగా దాచింది, ఒకే రకం విలువలు పక్కపక్కన చేరడంతో డేటాను తక్కువ చోటులో కుదించడమూ (కంప్రెషన్) తేలికైంది. ఆ సంస్థను 2011లో హెచ్‌పీ కొన్నది. 2013లో అదే పామర్‌తో ఆయన టామర్ పెట్టారు. ఈసారి సమస్య వేగం కాదు, ఒకే సరఫరాదారు పేరు ఒక్కో విభాగంలో ఒక్కో రకంగా నమోదై ఉండడం. గూగుల్ తన డేటాను ఎన్నో కంప్యూటర్లలో దాచే గూగుల్ ఫైల్ సిస్టమ్‌పై పనిచేసిన మోహిత్ ఆరోన్ కూడా, తాను సహస్థాపకుడిగా ఉన్న నుటానిక్స్ తరవాత కోహెసిటీ స్థాపించి, తన విద్యను బ్యాకప్ డేటా వైపు మళ్లించారు.

మీకున్న పేరు తొలి సమావేశం వరకే పనికొస్తుంది. డేటా వ్యవస్థను ఎవరూ ఒక్కరోజులో మార్చరు. పాతదాన్నీ కొత్తదాన్నీ నెలల తరబడి పక్కపక్కన నడిపి, నెలాఖరు లెక్కలు పైసాతో సహా సరిపోలాకే పాతదాన్ని ఆపుతారు. పెట్టుబడి సమకూర్చుకునేటప్పుడే ఆ కాలాన్ని లెక్కలో వేసుకోండి. మీ అమ్మకపు ఒప్పందంలో పోటీ వ్యాపారంపై, కోడ్ హక్కులపై షరతులున్నాయేమో న్యాయవాదికి చూపించండి. ఆపైన పాత ఖాతాదారుల ఇంజినీర్ల పక్కన మీరే స్వయంగా కూర్చుని, ఏ పనిని వారు ఇప్పటికీ ఎక్సెల్‌లో చేత్తో చేసుకుంటున్నారో చూడండి. మీ రెండో కంపెనీకి తగిన సమస్య అక్కడ దొరికే అవకాశమే ఎక్కువ.