భూకంపాల్లో “గౌణ తరంగాలు” అనొచ్చా?

సందేహం: గురువుగారూ నమస్తే. పోటీ పరీక్షల మెటీరియల్‌లో భూకంపాలకి ప్రాథమిక తరంగాలు, గౌణ తరంగాలు అని రాశారు. గౌణం అంటే అప్రధానం కదండీ, మరి మొదటివాటికంటే ఇవే ఎక్కువ ఊపేస్తాయని కిందే ఉంది. మాట తప్పా, నాకే అర్థంకాలేదా?

సమాధానం: మాటే తప్పండీ. అలంకారశాస్త్రంలో ముఖ్యార్థం, గౌణార్థం అంటాం, అక్కడ గౌణం అంటే ముఖ్యం కానిదే. సెకండరీ అని కనబడగానే డిక్షనరీలో ఉన్న గౌణం తెచ్చి అతికించేసుంటారు, ఇక్కడ సెకండరీ అంటే హోదా కాదు, వచ్చే వరస.

ఆ వరస తెలియడానికే బోలెడు కాలం పట్టింది. 1755 లిస్బన్ భూకంపం తర్వాత, 1760లో జాన్ మిచెల్ నేలలో అలలు పోతాయని రాశాడు. 1849లో రాబర్ట్ మ్యాలెట్ డబ్లిన్ దగ్గర కిల్లినీ బీచ్‌లో తుపాకిమందు పాతి పేల్చి, దూరంగా పెట్టిన పాదరసం ఎప్పుడు వణికిందో చూసి ఇసుకలో వేగం సెకనుకి సుమారు 825 అడుగులని లెక్కగట్టాడు, ఎంత ఓపికో చూడండి. రెండు రకాల అలలుంటాయని పాయిసన్ అప్పటికే గణితంలో చూపించాడు గానీ అసలు భూకంపంలో వాటిని ఎవరూ విడదీయలేదు.

విడదీసింది మన దేశంలో పనిచేసినాయనే, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో రిచర్డ్ ఓల్డ్‌హామ్. 1897 జూన్ 12న అస్సాం భూకంపం వచ్చినప్పుడు ఎక్కడో ఇటలీలో పరికరాలు గీసిన గీతలు చూస్తే ముందు సన్న వణుకు, కాసేపాగి ఇంకోటి, ఆ తర్వాత పెద్ద ఊపు. 1900 నాటికి తేల్చి చెప్పాడు, మొదటిది రాతిని నొక్కుతూ వదులుతూ పోయేది, రెండోది అడ్డంగా ఊపేది, మూడోది నేల పైపొరల్లో పాకేది. పైపొర రాళ్లలో మొదటిది సెకనుకి 5, 6 కిలోమీటర్లు పోతే రెండోది 3 పైచిలుకే, అందుకే వెనకబడుతుంది, ఆ ఎడం బట్టే భూకంపం ఎంత దూరంలో వచ్చిందో లెక్కేస్తారు. నష్టం సంగతికొస్తే చాలాసార్లు ఆ మూడోవే, ఉపరితల తరంగాలే ఎక్కువ చేస్తాయి.

కాబట్టి ద్వితీయ తరంగాలు అనండి. నన్నడిగితే ప్రాథమిక కూడా అంత అతకదు, ప్రాథమిక హక్కులు అన్నప్పుడు వరస గుర్తొస్తుందా? ప్రథమ, ద్వితీయ అంటే చక్కటి జంట. కానీ పరీక్షలో ప్రాథమిక అనే పెట్టండి, పుస్తకాల్లో అదే స్థిరపడిపోయింది, నా మాట విని మార్కు పోగొట్టుకోకండి.