స్టిల్ ఎంఎస్ 500ఐ, హస్క్‌వర్నా 572 ఎక్స్‌పీ: వృత్తిగా చెట్లు కోసేవారికి ఈ రెండు మోటారు రంపాల్లో ఏది తగినది?

శక్తి విషయంలో సందేహం లేదు: స్టిల్‌లోని 79.2 సీసీ ఇంజిన్ 5 కిలోవాట్లు ఇస్తే, హస్క్‌వర్నాలోని 70.6 సీసీ ఇంజిన్ 4.3 కిలోవాట్లు ఇస్తుంది. అయితే రోజంతా పనిచేసేవారు ముందు చూడవలసింది బరువును అని నా అభిప్రాయం. బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ), చైన్ లేకుండా స్టిల్ 6.2 కిలోలు, హస్క్‌వర్నా 6.6 కిలోలు ఉంటాయి; అంటే శక్తి ఎక్కువున్న యంత్రమే తేలికగానూ ఉండటంతో, కూలిన చెట్టు కొమ్మలను నరుకుతూ రంపాన్ని పదేపదే ఎత్తి తిప్పవలసిన పనిలో ఆ తేడా సాయంత్రానికి భుజాలకు స్పష్టంగా తెలుస్తుంది.

మన్నిక విషయంలో తీర్పు ఇంత సులభం కాదు. స్టిల్‌లో ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌కు బదులు ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. హస్క్‌వర్నాలో కార్బ్యురేటర్ ఉన్నా దాన్ని ఆటోట్యూన్ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థే సరిచేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో అక్కడికక్కడే సర్దుకొనే వీలు రెండింటిలోనూ తగ్గిపోయింది కనుక, మీకు దగ్గరలో ఏ కంపెనీ సర్వీసు కేంద్రం ఉందన్నదే నిర్ణాయకం. గట్టి కలపలో పొడవైన బార్ వాడేవారికి స్టిల్ మేలు. మధ్యస్థ దుంగలకు హస్క్‌వర్నా చాలు. చైన్ మొద్దుబారితే మాత్రం ఏ ఇంజిన్ శక్తీ అక్కరకు రాదు.