బిల్లులో ఉన్న మనిషి డ్యూటీలో ఉన్నాడా?

ప్రశ్న: హైదరాబాద్‌లో నా సొంత పేరు మీద చిన్న సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాను. ఒక పారిశ్రామికవేత్తకు బెదిరింపులు వస్తున్న రోజుల్లో ఆయన కంపెనీతో ఒప్పందం రాసుకుని నలుగురు అంగరక్షకులను ఇచ్చాను. ఆయన కారు మీద రాళ్లు పడిన రోజు మా వాడి తల పగిలింది. కనీసం పలకరించలేదు. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు నెలకు రూ.1,80,000, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లులు ఇచ్చాను. మధ్యలో 2023 అక్టోబరులో రూ.3 లక్షలు వేశారు. మిగిలిన రూ.22,48,800 కోసం నోటీసు ఇస్తే, 17 రాత్రులు మా ఇద్దరు గార్డులు వేరే వాళ్ల పెళ్లిలో డ్యూటీ చేశారని ఫొటోలు జతచేసి, బిల్లులన్నీ దొంగవని జవాబిచ్చారు. నిజమే, ఆ రాత్రులు సర్దుబాటు చేశాను. మా లైనులో ఇది మామూలే. బిల్లు వేయని అదనపు గంటలు అంతకు రెట్టింపు ఉన్నాయి. అయిదు నెలల డ్యూటీ షీట్లు దొరకడం లేదు. గార్డుల చేత ఇప్పుడు సంతకాలు పెట్టించి దావా వేయవచ్చా? ఆయన రాకపోకలు, ఇంటికి వచ్చిపోయేవారి వివరాలు మా దగ్గర ఉన్నాయని గుర్తు చేస్తే డబ్బు త్వరగా వస్తుందని ఒకరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: రాళ్లు, తల పగలడం, పలకరించకపోవడం... ఇవేవీ ఈ కేసును తేల్చవు. గార్డు వైద్య ఖర్చు ఎవరు భరించాలో ఒప్పందంలో రాసి ఉంటే అది వేరే పద్దుగా అడగండి. రాసి లేకపోతే, మీ ఉద్యోగి గాయం మొదట మీ బాధ్యతే. కేసును తేల్చేది ఒక్కటే. బిల్లులో చూపిన మనిషి, చూపిన రోజున, చూపిన చోట ఉన్నాడని ఎవరి సంతకం చెబుతోంది?

మీ ఉత్తరంలో దానికి జవాబు లేదు. పైగా ‘సర్దుబాటు చేశాను’ అని మీరే ఒప్పుకున్నారు. ఈ మాట నాకు రాసినట్టే ఇంకెవరికైనా వాట్సాప్‌లో రాశారా? రాసి ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి. అది ఎదుటి లాయరు చేతిలో మొదటిసారి చూడడం ఆయనకు మంచిది కాదు, మీకు అసలే మంచిది కాదు.

రుజువు భారం మీదే. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 104 ప్రకారం డబ్బు రావాలని కోర్టుకు వచ్చినవారే దానికి ఆధారమైన విషయాలను నిరూపించాలి. సెక్షన్ 28 కింద మీ లెక్కల పుస్తకాలు సాక్ష్యంగా పనికొస్తాయి. అయితే వాటి ఆధారంతో మాత్రమే ఎదుటివారి మీద బాధ్యత మోపలేరు. ‘నా కంప్యూటర్‌లో ఉంది’ అంటే చాలదన్నమాట. మీ దగ్గరున్న ఏడు నెలల షీట్ల మీద క్లయింటు మేనేజరు సంతకం ఉంటే అవే మీ ప్రాణం. మిగతా అయిదు నెలలకు బయటి సాక్ష్యం వెతకాలి.

అంగరక్షణ పనిలో ఆ సాక్ష్యం మీరనుకున్నదానికంటే ఎక్కువే దొరుకుతుంది. క్లయింటు ఉండే కాలనీ గేటు రిజిస్టరు, మీ వాహనం ఫాస్టాగ్ ఖాతా వివరాలు, ఊళ్లు వెళ్లినప్పుడు గార్డుల పేరుతో తీసిన హోటల్ గదుల బిల్లులు, విమాన టికెట్లు, జీతాలు బ్యాంకు ద్వారా వేసిన ఖాతా నకళ్లు, ‘సార్ బయలుదేరారు’, ‘సార్ ఇంటికి చేరారు’ అంటూ క్లయింటు మేనేజరు కూడా ఉన్న గ్రూపులో పెట్టిన సందేశాలు. ఈ చివరిది బంగారం. ఎందుకంటే అప్పటికి వివాదం లేదు, ఆ మాటలు దావా కోసం రాసినవి కావు. అవి కోర్టులో నిలబడాలంటే అదే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఆ సందేశాలున్న ఫోన్లను మార్చవద్దు, రీసెట్ చేయవద్దు, తమ్ముడికి ఇవ్వవద్దు. ఇన్నాళ్లూ షీట్లు ఎక్కడున్నాయో చూడని వ్యక్తికి ఈ జాగ్రత్త ఇంత గట్టిగా చెప్పక తప్పదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 సెక్షన్ 15 ప్రకారం గార్డుల పేర్లు, ఫొటోలు, జీతాలు, ఎవరెవరికి గార్డులను ఇచ్చారన్న వివరాలతో మీరు రిజిస్టరు పెట్టాలి. అది ఉందా? ఉంటే, పెళ్లివారి పేరు కూడా అందులో ఉండాలి.

ఇక పాత తేదీలతో సంతకాల సంగతి. వద్దు. పొరపాటున కూడా వద్దు. ఇప్పుడు తయారుచేసిన కాగితం మీద 2023 తేదీ వేయిస్తే అది తప్పుడు పత్రం. దాన్ని కోర్టులో దాఖలు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద తప్పుడు సాక్ష్యం సృష్టించిన నేరానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఫోర్జరీ సెక్షన్లు వేరే. సంతకం పెట్టిన గార్డులు కూడా నిందితులవుతారు. నెలకు ఇరవై వేల జీతగాడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ కోసం ఎంతసేపు అబద్ధం మీద నిలబడతాడనుకుంటున్నారు? ఆ ఒక్క షీటు బయటపడితే, నిజమైన ఏడు నెలల షీట్లను కూడా జడ్జి అనుమానంగానే చూస్తారు. గార్డులు తమకు గుర్తున్నది ఈనాటి తేదీతో ప్రమాణపత్రంగా ఇవ్వవచ్చు. దానికి బలం తక్కువే, కానీ నేరం కాదు.

రాకపోకల వివరాలు ‘గుర్తు చేయడం’ అంతకంటే ప్రమాదం. రహస్యం బయటపెడతామన్న భయంతో డబ్బు రాబట్టడం, రావలసిన డబ్బే అయినా, న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు కేసుకు దారి తీస్తుంది. సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం సెక్షన్ 18 కూడా, గార్డు పనిలో తెలిసిన సమాచారాన్ని యజమాని అనుమతి లేకుండా బయట చెప్పకూడదని నిషేధిస్తోంది. ఆ సలహా ఇచ్చిన వ్యక్తి కేసయ్యాక మీ ఫోను ఎత్తడు.

ఇప్పుడు బిల్లు సంగతి. 17 రాత్రులు ఇద్దరు లేరు. అంటే 34 డ్యూటీల సొమ్ము మీది కాదు. అదనపు గంటలతో సరిపోయిందన్న మాట చెల్లదు. ఒప్పందంలో అదనపు గంటకు రేటు రాసి ఉంటే, ఆ గంటలను విడిగా బిల్లు వేసి, విడిగా రుజువు చేయాలి. లేని మనిషిని ఉన్నట్టు రాసి దాన్ని పూడ్చుకోవడాన్ని లెక్క అనరు. తెలిసి చేస్తే, ఆ బిల్లులు న్యాయ సంహిత రాకముందువి కాబట్టి, పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 420 కింద మోసం ఫిర్యాదుకు వాళ్లకే అవకాశం ఇచ్చినవారవుతారు. నలుగురు గార్డులకు డబ్బిచ్చి ఇద్దరి కాపలాతోనే ఉన్న మనిషికి ఆ రాత్రి ఏమైనా జరిగి ఉంటే? ఈ పనిలో తప్పుడు బిల్లు డబ్బుతో ఆగదు.

ఇంకొకటి మీరు గమనించనే లేదు. మీరు కంపెనీ కాదు, సొంత పేరుతో నడిపే ఏజెన్సీ. అటువైపు జీఎస్టీ నమోదు ఉన్న కంపెనీ. 2019 జనవరి 1 నుంచి ఇలాంటి గార్డుల సేవ మీద పన్ను కట్టాల్సింది సేవ తీసుకున్నవారే, రివర్స్ చార్జి పద్ధతిలో. మీ బిల్లులో నెలకు రూ.32,400 చొప్పున పన్నెండు నెలలకు రూ.3,88,800 వేయకూడని పన్ను వేశారు. దాన్ని ప్రభుత్వానికి కట్టారా, కట్టలేదా అన్నది మీ ఆడిటరుతో ఈ వారమే తేల్చుకోండి. అంటే మీకు రావలసింది రూ.22,48,800 కాదు. రూ.18,60,000, అందులోంచి ఆ 34 డ్యూటీలు పోగా మిగిలినది.

ఒక్క అబద్ధం ఉంది కాబట్టి మొత్తం దావా కొట్టేయాలన్న నియమం మన కోర్టుల్లో లేదు. తాలు పోగా మిగిలిన గింజను చూస్తారు. ఆ తాలును మీరే ముందుగా చెరిగి పారేస్తే, ఎదుటివారి చేతిలో ఆయుధం పోతుంది.

కాబట్టి ముందు కంపెనీకి ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీల్లో ఇద్దరు గార్డుల డ్యూటీ సొమ్మును, పొరపాటుగా వేసిన పన్నును బిల్లుల నుంచి ఉపసంహరించుకుంటున్నామని, సవరించిన లెక్క జతచేశామని, మిగిలిన మొత్తం ఫలానా తేదీలోగా చెల్లించాలని రాయించండి. ఒప్పందంలో వడ్డీ షరతు లేకపోతే, ఈ నోటీసు తేదీ నుంచి వడ్డీ అడుగుతున్నట్టు స్పష్టంగా రాయాలి. 1978 వడ్డీ చట్టం కింద దానికి విలువ ఉంది. ఆ ఉత్తరంలో ఒక్క భావోద్వేగపు వాక్యం కూడా వద్దు. దాన్ని మీరు కాకుండా మీ లాయరు రాయాలి.

గడువు విషయంలో నిద్ర పోవద్దు. పన్నెండు బిల్లులు కలిపి ఒక బాకీ కాదు, దావా వేయడానికి ఒక్కో బిల్లుకు ఒక్కో మూడేళ్లు. 2023 మే 5న ఇచ్చిన ఏప్రిల్ బిల్లుకు ఒప్పందం ప్రకారం 30 రోజుల గడువు ఉంటే, 2026 జూన్ మొదటి వారం దాటితే దానికి కాలదోషం పడుతుంది. తర్వాత నెలకొకటి రాలిపోతుంది. ‘చివరి బిల్లు 2024లో కదా’ అనుకుని కూర్చున్నవారు సగం సొమ్ము పోగొట్టుకుంటారు. అక్టోబరులో వచ్చిన రూ.3 లక్షలు ఏ బిల్లు కింద అని వాళ్లు చెప్పకపోతే, ఒప్పంద చట్టం సెక్షన్ 60 మీకు ఇచ్చిన అధికారంతో అతి పాత బిల్లులకే జమ చేయండి. ఆ చెల్లింపుతో పాటు వాళ్ల అకౌంటెంటు సంతకంతో ఉత్తరం గానీ, మెయిలు గానీ వచ్చిందేమో వెతకండి. అధికారం ఉన్నవారు గడువులోపు రాసి ఇచ్చిన ఒప్పుకోలు ఉంటే, కాలపరిమితి చట్టం సెక్షన్లు 18, 19 కింద అప్పటి నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. బ్యాంకు బదిలీ ఒక్కటే ఉండి రాతపూర్వకమైనది ఏమీ లేకపోతే దాని మీద ఆధారపడవద్దు.

రూ.3 లక్షలు దాటిన సేవల ఒప్పంద వివాదం కాబట్టి ఇది వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వు అడగని దావాకు ముందు వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద మధ్యవర్తిత్వం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయండి. ఆ ప్రక్రియ సాగిన కాలం గడువులో లెక్కకు రాదు. నిజం చెప్పాలంటే మీ కేసు అక్కడే తెగడం మీకు మంచిది. సాక్షి బోనులో మీరు ఎక్కువసేపు నిలబడే కేసు కాదిది. సేవలు ఇచ్చిన నాటికే ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉన్న సూక్ష్మ సంస్థ అయితే, అలాంటి సంస్థల బాకీ వివాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్ దారి కూడా ఉంది. అక్కడ ఆలస్యానికి చక్రవడ్డీ గట్టిగా పడుతుంది కాబట్టి ఎదుటివారు మాట్లాడుకోవడానికి త్వరగా వస్తారు.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఏడాది పొడవునా చెల్లిన మీ ఏజెన్సీ లైసెన్సు తీసుకెళ్లండి. పునరుద్ధరణకు గడువుకు 45 రోజుల ముందే దరఖాస్తు చేయాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఆ నెలల సొమ్ము మీద పెద్ద పోరాటమే. ఆయన వెంట బెంగళూరు వెళ్లిన రోజులు బిల్లులో ఉంటే, ఆ రాష్ట్రంలో మీకు లైసెన్సు ఉందో లేదో చూసి, లేకపోతే ఆ రోజులను దావాలో కలపాలా వద్దా అన్నది లాయరునే నిర్ణయించనివ్వండి.