బడిలో రాగిజావ ఇస్తున్నారుగా, ఇక గుడ్డు ఎందుకు?

రాగిజావ గుడ్డుకు బదులు కాదు, పిల్లలకు రెండూ కావాలి. విశాఖ వైపు చోళ్లు అని పిలిచే రాగుల బలమంతా కాల్షియంలో ఉంది: 100 గ్రాముల పిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు, అంతే బరువు పాలలో ఉండేదానికి రెండింతల పైమాటే. మాంసకృత్తులు మాత్రం 7 గ్రాములే. గుడ్డు సంగతి వేరు. ఒక్కదానిలోనే సుమారు 6 గ్రాముల మేలైన మాంసకృత్తులు, చోళ్లలో అసలు లేని బి12 విటమిన్ దొరుకుతాయి. కాల్షియం తక్కువ.

చోడి అంబలి కాచేటప్పుడు చూడండి. గ్లాసుకు పడేది రెండు చెంచాల పిండి, అంటే 20 గ్రాములు అనుకుందాం. మిగతాదంతా నీళ్లు, బెల్లం. అందులో కాల్షియం 70 మిల్లీగ్రాములు వస్తుంది, మాంసకృత్తులు గ్రామున్నర కూడా దాటవు. 2023లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో జావ మొదలుపెట్టినా గుడ్డు తీసేయకపోవడం అందుకే సరైన పని.

చాలామంది పొరపడేది ఇక్కడే: జావ చిక్కగా ఉంది, కడుపు నిండింది, కాబట్టి బలం వచ్చేసిందనుకుంటారు. ఎండాకాలం వేడి చేస్తుందని గుడ్డు మాన్పించేస్తారు కూడా. ఉడికించిన తాజా గుడ్డు ఏ కాలంలోనైనా పెట్టొచ్చు. గుడ్డు తినని పిల్లలకైతే పప్పుతో పాటు పాలు, పెరుగు తప్పకుండా ఉండాలి, వాళ్లకు బి12 వచ్చేది పాలు, పెరుగు నుంచే.