బొంత, ఊలు, ఇంటెడు పని

బిడ్డా,

నువ్వు పంపిన లిస్టు చదివిన. పదకొండు పేర్లున్నయి. అత్తమ్మకు శాలువ, మామకు స్వెటర్, ఆడబిడ్డ పిల్లలిద్దరికి చెరొక స్వెటర్, యారాలుకు పుట్టబోయే బిడ్డకు బొంత, మీ బడిల టీచర్లకు టోపీలు. దసరాకు కొన్ని, క్రిస్మస్‌కు పక్కింటోళ్ళకు కొన్ని, తక్కినవి సంక్రాంతికి. కిందనే "పెద్దమ్మా, పొద్దుగాల అయిదింటికి లేస్తె రాత్రి పదకొండు దాక నడుము వాల్చుడు లేదు, ఇవన్ని ఎట్ల జెయ్యాలె" అని రాసినవ్. చెయ్యలేవు. ముందుగాల లిస్టుల సగం పేర్లు కొట్టెయ్, అటెనుక సూదుల ముచ్చట మాట్లాడుకుందాం.

ఎవలను కొట్టెయ్యాలె అంటవా? ఇచ్చినంక వాళ్ళు దాన్ని వాడతరా లేదా, అంతే చూడు. మన నల్లగొండలనైనా, మీ జడ్చర్లలనైనా చలి ఎన్నాళ్ళుంటది? కార్తీకంల మొదలైతే సంక్రాంతి దాటేసరికి పోతది. అది గూడ పొద్దుగాల, మాపటికే. మీ మామకు నిండు చేతుల స్వెటర్ అల్లాలంటే నీకు రెండు నెలలు పడ్తది. ఆయన దాన్ని నాలుగు పొద్దులు తొడుక్కొని పెట్టెల పెడ్తడు. అదే చెవులు మూసే టోపీ అల్లియ్యి, తెల్లారకముందు బాయి కాడికి పోయేటప్పుడు రోజూ పెట్టుకుంటడు. పెద్దోళ్ళకు టోపీ, మఫ్లర్ చాలు. స్వెటర్లు పిల్లలకే. టీచర్లకు టోపీలెందుకు? సంక్రాంతికి ఎట్లాగూ సకినాలు చేస్తవ్, డబ్బాల పోసి ఇయ్యి, అవి గూడ చేతితోని చేసినయే గదా.

ఇగ టైం సంగతి. నీకు దొరికే టైం అంత తునకలు తునకలుగ ఉన్నది. కుక్కరు కూత పెట్టే దాక పది నిమిషాలు, పిల్లలు హోంవర్క్ చేసేటప్పుడు అర్ధగంట, కల్వకుర్తి మీదికెళ్ళి పుట్టింటికొచ్చేటప్పుడు బస్సుల మూడు గంటలు. ఏ తునకకు ఏ పని అన్నది తెలిస్తే సగం కష్టం తీరినట్టే. ఎక్కం అప్పజెప్పించుకుంట గీతల డిజైను అల్లితే రెండూ పాడైతయి. లెక్క పెట్టి అల్లేది ఇల్లు సద్దుమణిగినంకనే ముట్టు. మాట్లాడుకుంట, టీవీ చూసుకుంట, బస్సుల కూసొని అల్లనీకి ఉత్త సీదా వరుసలుండే మఫ్లర్ వేరుగ పెట్టుకో. అంటే ఒకేసారి రెండు పనులు సూదుల మీద ఉండాలె, ఒకటి బుర్ర పెట్టేది, ఒకటి పెట్టనిది. మూడోది మొదలు పెట్టకు. కొత్త ఊలు చూస్తె చేతులు ఊకోవు, నాకు ఎరుకనే.

లేచేటప్పుడు వరుస నడుమల ఆపకు. ఎవలు పిలిచినా వరుస చివరి దాక అల్లి, సూది కొసకు రబ్బరు బ్యాండు చుట్టి లెయ్యి. కుట్లు జారవు. ఎన్నో వరుసల ఉన్నవో చిన్న కాయితం మీద గీతలు పెట్టి ఆ సంచిలనే ఉంచు. రాత్రి పదింటికి "నేను 18ల ఉన్ననా, 20ల ఉన్ననా" అని ఊడదీసుకుంట కూసునే బాధ తప్పుతది.

సూదుల నంబర్ల కాడ జర పైలం. మన దుకాండ్ల ఇచ్చే సూదులకు నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నమైతది. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరంటే మూడుంబావు. నువ్వేమో ఫోన్ల అమెరికావోళ్ళ వీడియోలు చూస్తవ్. వాళ్ళ లెక్కల 8 అంటే 5 మిల్లీమీటర్లు. నంబరు మీద నమ్మకం పెట్టుకోక మిల్లీమీటర్లు చూడు. ఏదైనా మొదలు పెట్టేముందు అరచేయంత ముక్క అల్లి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లొస్తున్నయో స్కేలు పెట్టి లెక్కపెట్టు. 22 రావాల్సిన కాడ నీ చేతికి 20 వచ్చినయనుకో, 60 సెంటీమీటర్ల స్వెటర్ కాస్త 66 అయి కూసుంటది. అర్ధగంట ముక్కకు బద్దకిస్తే నెల పని ఊడదీయాల్సొస్తది.

ఊలు అంటే మన దగ్గర దొరికేది ఎక్కువ అక్రిలిక్కే. ఉతుక్కోనీకి సులువు, కుంచించుకపోదు, పిల్లలకు అదే మంచిది. గని మంటకు కరుగుతది. మీ ఊర్ల చలిమంట కాడ పిల్లలు చేతులు చాపుకొని కూసుంటరు, అసోంటి కాడికి ఆ స్వెటర్లతోని పోనియ్యొద్దని ఆడబిడ్డకు చెప్పి మరీ ఇయ్యి. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె గూడ పెట్టొద్దు. అసలు గొర్రె ఊలైతే ఇంకో తంటా ఉన్నది, వేడి నీళ్ళల్ల మిషన్‌కేస్తే గట్టిపడి సగమైతది.

పుట్టబోయే బిడ్డకు బొంత పేరు మాత్రం కొట్టెయ్యకు. ఆ లిస్టుల అసలైనది అదొక్కటే. దానికి కొత్త బట్ట కొనకు, మీ అత్తమ్మ పాత నూలు చీర అడుగు. అడుగుమంటున్ననంటే ఊకెనే కాదు. నువ్వు ఈ సూదులు పట్టుకొని కూసుంటే ఆమెకు గిట్టదని రాసినవ్ గదా. ఆమె చీరతోని ఆమె మనుమనికి బొంత కుడుతున్నవంటే ఆమె ఆ సాయంత్రం కూర తాలింపు తనే పెడ్తది, నువ్వు లేవకుండ. అవ్వలు కట్టిన చీరల బొంతల పండుకున్నోళ్ళమే మనమంత, ఆమెకు చెప్పే పని లేదు. ఆమెకు కుట్టు నీకన్న మంచిగొస్తది గూడ, దారం ఎక్కించి దబ్బనం చేతికియ్యి.

చీర లెక్క చెప్త విను. నేత చీర అయిదున్నర మీటర్లనుకో. పొడుగుల నాలుగు మడతలు పెడితే ఒక్కో మడత 54 అంగుళాలొస్తది, అడ్డం 45 దాక. కత్తెర ముట్టకుండనే నాలుగు పొరల బొంత. చిన్నగ కావాలె గదా అని ఇంకో మడత పెట్టకు, ఎనిమిది పొరలల్ల సూది దిగది, వేళ్ళు వాస్తయి. పసిబిడ్డకైతే గజం చౌకం బొంత సరిపోతది, ఆ నాలుగు పొరలను ఆ కొలతకు కోసుకో, పైన ముక్కల అతుకు పెడితే చూడనీకి బాగుంటది. అట్టముక్క ఆరున్నర అంగుళాల చౌకం కోసుకో. దాని అంచుల మీద గీసి ముక్కలు కత్తిరించు. చుట్టూ పావంగుళం కుట్టుకు పోను ఆరు అంగుళాలు మిగులుతది. వరుసకు ఆరు, ఆరు వరుసలు, మొత్తం 36 ముక్కలు. వరుసకు అయిదు కుట్లు చొప్పున 30 చిన్న కుట్లు, వరుసలు కలపనీకి 5 పొడుగు కుట్లు. రోజుకు రెండు చిన్న కుట్లు వేసినా పదిహేను రోజులల్ల వరుసలు తయారైతయి. ఆరు అంగుళాల కుట్టు ఎంతసేపు? పాలు పొంగే లోపల అయిపోతది. దేవరకొండ దిక్కు తండాలల్ల లంబాడి ఆడోళ్ళను చూసినవ్ గదా, గవ్వలు, అద్దాలు చిన్న చిన్న పట్టీల మీద కుట్టుకొని అటెనుక అన్నిటిని కలిపి అతుకుతరు. ఒళ్ళె పట్టేంత పనే ఎప్పుడూ చేతిల ఉంటది. పెద్ద బట్ట పరుసుకొని కూసునే తీరిక ఎవలకున్నది?

ముక్కలకు ఏ బట్టైనా పెట్టొద్దు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు, కొంగు పట్టు. రెండూ ఉతుకుల ఒక్క తీరుగ ఉండవు, ఒకటి ముడుచుకుంటే ఒకటి సాగినట్టుంటది. అంచు కోసి పక్కన పెట్టి నడిమి బట్ట వాడు. నారాయణపేట నూలు చీర పాతదైతే బంగారమే. పోచంపల్లి, కొయ్యలగూడెం దిక్కు పోతె నేసేటోళ్ళ కాడ ఇక్కత్ నూలు ముక్కలు అడుగు, పైకి అవి మస్తుంటయి. గని కొత్త బట్టను ముందుగాల నానబెట్టి ఉతికి ఆరెయ్యాలె. ఎర్రది, నల్లది పెట్టేటప్పుడు తడిపి తెల్లగుడ్డల చుట్టి ఓ రాత్రి ఉంచు. తెల్లారి గుడ్డకు రంగంటితే ఆ ముక్క బొంతకు పనికిరాదు. మీ అమ్మ కాడ పుట్టపాక తేలియా రుమాలు ఒకటున్నది చూడు, దాని మీద కత్తెర పెట్టినవంటే ఊకోను. ఆ నేతకు 2020ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే ముద్ర, వచ్చింది, నేసేటోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే ఉన్నరు.

పొరలు కలిపి కుట్టేటప్పుడు నేల మీద పరిచి, నలుమూలల బరువు పెట్టి, నట్టనడుమ నుంచి అంచులకు కచ్చా కుట్టు వేసుకుంట పో. అంచుల నుంచి మొదలుపెడితే నడుమల ముడత చిక్కి ఎంత ఇస్త్రీ చేసినా పోదు. అటెనుక వేలెడు ఎడంతోని వరుస కుట్టు. నూలు దారమే పెట్టు. నైలాన్ దారం గట్టిదే, పాత చీరను కోసుకుంట పోతది.

బొంత చేతికిచ్చేటప్పుడు యారాలుతోని ఒక మాట చెప్పు. అది బిడ్డ కింద చదునుగ పరవనీకి. ఏడాది నిండే దాక పండుకున్న బిడ్డ మీద కప్పొద్దు, ముఖం మీదికి జారితే పసిదానికి తీసుకోవస్తదా? లోపల దూది నింపొద్దు. టోపీకి, స్వెటర్‌కు మెడ కాడ తాళ్ళు, ఊడొచ్చే బొత్తాలు, ఊలు పూలు పెట్టొద్దు. నోట్ల పెట్టుకుంటరు. టోపీ కొలత అడిగినవ్. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 35 సెంటీమీటర్ల దాక ఉంటది, ఏడాదికి 45 దాటుతది. 40 లెక్కన అల్లు. అంచుకు రెండు సీదా కుట్లు, రెండు ఉల్టా కుట్లు వేస్తె సాగుతది, చలికాలమంత పనికొస్తది. స్వెటర్ గూడ పుట్టిన బిడ్డ కొలతకు అల్లకు, ఆరు నెలల కొలతకు అల్లు.

ఎప్పుడు చెయ్యాలె అన్నదానికొస్త. ఇప్పుడు ఆషాఢం. పెండ్లిళ్ళు లేవు, పేరంటాలు లేవు, వానకు సాయంత్రాలు ఇంట్లనే. బొంత పని ఇప్పుడే పట్టు. శ్రావణమొస్తే ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు వాయనానికి పిలుస్తరు. వినాయక చవితి దాటినంక ఓ రెండు వారాలు దొరుకుతయి. పెత్తరమాస నాటికి అయినయి దసరాకియ్యి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక బతుకమ్మ తొమ్మిది రోజులు సూదులు సంచిల నుంచి తీయకు. తంగేడు, గునుగు తెచ్చుకునుడు, పేర్చుడు, సద్దులు, మలీద ముద్దలు, వచ్చే పోయే ఆడబిడ్డలు. ఆ రోజులల్ల మూలకు కూసొని అల్లితే పండుగా పోతది, నీ మీద మాటా వస్తది. దసరాకు కాని వాటికి సంక్రాంతి ఉండనే ఉన్నది. పండుగకు కాలేదంటే ఏడ్చుకుంట రాత్రి రెండు దాక మేల్కోకు. "నీది సూదుల మీదున్నది" అని చెప్పి, అల్లిన కాడికి చూపించు. పిల్లలైతే వాళ్ళ స్వెటర్ పెరుగుడు చూసి ఇంకింత సంబురపడ్తరు.

అయితే దసరా దాటంగనే మీ చేనుల పత్తి ఏరుడు మొదలైతది. సెలవులల్ల నువ్వు గూడ పోతవని ఎరుకే. పత్తికాయ మొనలు గీసుకొని వేళ్ళు గరుకైతయి, ఊలు పట్టుకుంటే పోగు పోగుకు తట్టుకుంటది. రాత్రి కొబ్బరినూనె రాసుకొని పండుకో, తెల్లారి చేతులు కడిగి తుడుసుకొని సూదులు పట్టు. నూనె చేతులతోని లేత రంగు ఊలు ముట్టకు. నల్లది, ముదురు నీలం రాత్రి లైటుకు అల్లొద్దు, కండ్లు గుంజుతయి. అవి ఆదివారం పగలు గడప కాడ కూసొని అల్లు. అర్ధగంటకోసారి లేచి మెడ తిప్పు. ఇప్పుడు నీకు ముప్పై అయిదే గని, మెడ నొప్పికి వయసు పట్టింపు లేదు.

పిల్లలను దగ్గరికి రానియ్యి. పెద్దోడు బొత్తాలు రంగులవారీగ ఏరుతడు, చిన్నదానికి ఊలు లచ్చి చేతులకు తగిలించి ఉండ చుట్టు. మా అల్లునికి గూడ ఆ పని చెప్పు, ఫోన్ పక్కన పెట్టే సాకు దొరుకుతది.

ఇంకొకటి. "దుకాండ్ల మూడు వందలకొస్తది గదా, ఇంత కష్టమెందుకు" అనే మనిషి ప్రతి ఇంట్ల ఒకరుంటరు. వాళ్ళకు దుకాండ్లనే కొనియ్యి. చేతితోని చేసింది అర్థమయ్యేటోళ్ళకే చెయ్యాలె. నేనైతే అట్లనే జేస్త, ఎవలేమనుకున్నా.

వచ్చే ఆదివారం మీ అన్న జడ్చర్లకు వస్తున్నడు. ఆరున్నర అంగుళాల అట్ట, 8, 10 నంబర్ల సూదులు, లేత పసుపు ఊలు మూడు ఉండలు ఇచ్చి పంపిస్త. ఆడబిడ్డ పిల్లల ఛాతీ కొలతలు, చంక నుంచి నడుము దాక పొడుగు టేపు పెట్టి తీసి ఆయన చేతికియ్యి, అందాజ కొలతలు పంపకు. పెద్దపిల్లది నేను అల్లుత, చిన్నోనిది నువ్వు అల్లు.

మీ పెద్దమ్మ,
నల్లగొండ